పాత జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్: విడి ఇంజిన్ మాత్రం కొనకండి

మీ ప్రశ్న సారాంశం ఇది. నాన్నగారు 1998లో కొన్న మారుతీ జెన్ మీ దగ్గర ఉంది, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు అందించే పాతకాలపు కార్బురేటర్ ఉన్న రకం. బాడీ బాగుంది, ఇంజిన్ మాత్రం నీరసించింది. ఘాట్ రోడ్డు మీద ఏసీ వేస్తే రెండో గేరు దాటి లాగడం లేదు. మారుతీ ఎస్టీమ్ కారు 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం) ఒకటి విడిగా దొరుకుతోందని, రెండు రోజుల్లో పాతది దించి ఇది ఎక్కించేస్తానని మీ మెకానిక్ అన్నారు. చేయించవచ్చా, చేయిస్తే ఏం చూసుకోవాలి అని అడిగారు.

మారుతీ ఇంజిన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. జెన్‌లలో ఎస్టీమ్ ఇంజిన్లు ఎక్కించాను. వేరే చోట ఎక్కించి సగంలో వదిలేసిన బండ్లనూ దారికి తెచ్చాను. కాబట్టి సూటిగా చెబుతాను. ఇంజిన్ కూర్చుంటుంది, అందులో సందేహం లేదు. రెండు రోజుల మాట మాత్రం నమ్మకండి. విడి ఇంజిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ కొనకండి. ఈ పని చేయించదలచుకుంటే నడిచే స్థితిలో ఉన్న నిండు కారునే కొనాలి. ఇక మీ జెన్ రోజూ రోడ్డెక్కే బండి అయితే, 1.3 కన్నా మీకు తగిన ఇంజిన్ మరొకటి ఉంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు, ఈ మార్పిడికి ఇంత పేరు ఎందుకు వచ్చిందో చూద్దాం. మీ జెన్‌లోని జీ10బీ, ఎస్టీమ్‌లోని జీ13బీబీ రెండూ సుజుకి జీ కుటుంబం ఇంజిన్లే. రెండూ నాలుగు సిలిండర్లవి, రెండింటిలోనూ బ్లాకు, హెడ్డు అల్యూమినియమే. జీ10బీలో బోరు, అంటే సిలిండర్ వెడల్పు 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం 61, మొత్తం 993 సీసీ. జీ13బీబీలో బోరు 74, స్ట్రోకు 75.5, మొత్తం 1298 సీసీ. అంటే పెరిగిన 305 సీసీలో ఎక్కువ భాగం స్ట్రోకు నుంచే వచ్చింది. అందుకే ఇంజిన్ అడ్డంగా పెద్దగా పెరగలేదు, బరువూ మరీ పెరగలేదు. గేర్‌బాక్సు బిగించే ముఖం కూడా ఈ కుటుంబంలో ఒకే తీరున ఉంటుంది. కార్బురేటర్ జెన్ 50 బీహెచ్‌పీ ఇస్తే, ఎంపీఎఫ్ఐ ఎస్టీమ్ 85 ఇస్తుంది. జెన్ బరువు ముప్పావు టన్ను చుట్టుపక్కల ఉంటుంది, ఎస్టీమ్ అంతకన్నా వంద కిలోలకు పైగా ఎక్కువ. ఎస్టీమ్‌నే అంత చురుకుగా లాగిన ఇంజిన్ జెన్‌లో ఎలా లాగుతుందో మీరే ఊహించుకోండి. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో పరిగెత్తే ఎల్‌జీబీ ఫార్ములా 4 రేసు కార్లకు వాడింది కూడా ఈ కుటుంబానికే చెందిన స్విఫ్ట్ 1.3 ఇంజిన్. మంచి ఇంజిన్, గట్టి ఇంజిన్. దాని మీద మీకున్న మోజు నాకు బాగా అర్థమవుతుంది.

అయితే మీరు చెప్పిన లక్షణం చూస్తే ఇంజిన్ చిన్నదైనందువల్ల వచ్చిన ఇబ్బందిలా లేదు. బాగున్న జీ10బీ ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతుంది. నెమ్మదిగా ఎక్కుతుందేమో గానీ రెండో గేరులోనే ఆగిపోదు. కాబట్టి రూపాయి ఖర్చుపెట్టే ముందు మీ ఇంజిన్ ఆరోగ్యం తేల్చుకోండి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీయించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్ కంప్రెషన్, అంటే పిస్టన్ లోపలి గాలిని నొక్కే ఒత్తిడి కొలిపించండి. చదరపు సెంటీమీటరుకు 14 కిలోల దగ్గర చూపిస్తే చాలా బాగుంది, 12 కన్నా తగ్గితే రోగం ఉన్నట్టే. నాలుగింటి మధ్య తేడా కిలో దాటకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయింది. పది నిమిషాల పని ఇది. ఇది చేయకుండానే ఇంజిన్ మార్చాలని చెప్పే మెకానిక్ మాట వినకండి.

కంప్రెషన్ బాగుంటే వెతకవలసిన చోట్లు వేరు. నాలుగో గేరులో నలభై వేగంలో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. చదును రోడ్డు మీద కాసేపు నడిపి, బ్రేకు పెద్దగా వాడకుండా ఆగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది. ఇన్నేళ్ల కార్బురేటర్లో థ్రాటిల్ షాఫ్టు అరిగి పక్కనుంచి గాలి పీలుస్తుంటుంది, దానికి ఎంత ట్యూనింగ్ చేసినా నిలవదు. సైలెన్సర్ లోపల తుప్పు రాలి అడ్డుపడినా ఇంజిన్ ఊపిరాడక ఇలాగే నీరసపడుతుంది. ఇవన్నీ కలిపి సరిచేయించినా ఇంజిన్ మార్పిడి ఖర్చులో చిన్న భాగమే అవుతుంది.

ఇవన్నీ చూశాక కూడా శక్తి పెంచాలనే అనుకుంటే, తర్వాతి ప్రశ్న చట్టానిది. దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టంచేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్‌ను మార్చారు. దాని కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మీ ఆర్‌సీలో ఇంజిన్ నంబరూ ఉంటుంది, 993 సీసీ అనీ ఉంటుంది. మీది పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం తనిఖీకి తీసుకెళ్లక తప్పదు. అక్కడ ఇంజిన్ నంబరు తుడిచి చూస్తే సంగతి బయటపడుతుంది. అంతకన్నా నన్ను భయపెట్టేది ప్రమాదం జరిగినప్పటి పరిస్థితి. బీమా పాలసీలో ఒక ఇంజిన్, బానెట్ కింద మరో ఇంజిన్ ఉంటే సంస్థ క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే దారి చూపినట్టవుతుంది. అవతలివాళ్లకు గాయాలైతే ఆ భారం మీ కుటుంబం మీద పడే ప్రమాదం ఉంది. "ఎవరూ చూడరులే" అనే మాట మీద ఇంత పెద్ద బరువు పెట్టకండి.

అందుకే నేను గీత గీసి చెబుతాను. రేసు ట్రాకు మీద నడపడానికే, ట్రైలర్ మీద తీసుకెళ్లి తీసుకొచ్చే బండి అయితే 1.3 ఎక్కించండి. అంత ఆనందమిచ్చే చిన్న కారు మరొకటి దొరకదు. రోడ్డు మీద తిరిగే బండి అయితే జెన్ సొంత ఇంజినే వేయండి, 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ జెన్‌లలో వచ్చిన పదహారు వాల్వుల 993 సీసీ ఇంజిన్. అది 60 బీహెచ్‌పీ ఇస్తుంది. అంటే మీ కారు పుట్టినప్పటి శక్తికన్నా అయిదో వంతు ఎక్కువ. ఇప్పుడున్న నీరసంతో పోలిస్తే తేడా ఇంకా పెద్దది. తయారీదారు అదే, మోడల్ అదే, సీసీ అదే, మారేది ప్రధానంగా ఇంజిన్ నంబరు. పని మొదలుపెట్టక ముందే ఆర్టీఏ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే ఇంజిన్ దించండి. నోటిమాట అనుమతి అనుమతి కాదు. తర్వాత ఆర్‌సీలో నంబరు మార్పించి, ఆ కాపీ బీమా సంస్థకూ పంపి, వాళ్ల పుస్తకాల్లో మార్పించండి.

ఇప్పుడు అసలు పని గురించి. 1.3 అయినా, పదహారు వాల్వుల 993 అయినా ఇక్కడినుంచి కథ ఒకటే, ఎందుకంటే రెండూ ఎంపీఎఫ్ఐలే, మీది కార్బురేటర్ బండి. ఇంజిన్‌ను మౌంటింగుల మీద కూర్చోబెట్టడం ఈ పనిలో చిన్న ముక్క. నా దగ్గరికి సగంలో వచ్చిన బండ్లన్నిటిలో ఇంజిన్ చక్కగానే కూర్చుని ఉండేది. ఆగిపోయింది పెట్రోలు దగ్గరో, వైరింగ్ దగ్గరో.

పెట్రోలు సంగతి చూడండి. మీ కార్బురేటర్‌కు పెట్రోలు అందించేది ఇంజిన్‌కే బిగించిన చిన్న మెకానికల్ పంపు. అది ఇచ్చే ఒత్తిడి చాలా స్వల్పం, కార్బురేటర్ గిన్నె నిండితే చాలు. ఇంజెక్టర్లకు అది సరిపోదు. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు కావాలి, ఒత్తిడి దానికన్నా పది రెట్లు ఎక్కువగా ఉంటుంది. పాత ట్యాంకే ఉంచి, బయట ఒక పంపు తగిలించి, పాత రబ్బరు గొట్టాలకే క్లిప్పులు బిగించి వదిలేసిన బండిని ఒకసారి లిఫ్టు మీద ఎక్కించి చూశాను. వెనక సీటు కింద గొట్టం ఉబ్బి, అతుకు దగ్గర చెమట పట్టినట్టు పెట్రోలు ఊరుతోంది. దానికి జానెడు దూరంలో సైలెన్సర్ గొట్టం. ఆ కారులో రోజూ పిల్లలు బడికి వెళ్లేవారు. దయచేసి ఈ విషయంలో పొదుపు చేయకండి. ఎంపీఎఫ్ఐ జెన్ ట్యాంకు, దాని పంపు, ఫిల్టరు, ఇంజిన్ దాకా వచ్చే గొట్టాలు మొత్తం మార్పించండి. బాడీ అదే రకం కాబట్టి బిగింపుల సమస్య తక్కువ. రబ్బరు ముక్కలు ఎక్కడ వేసినా ఇంజెక్షన్ ఒత్తిడికి తగినవి, కొత్తవి వేయాలి.

వైరింగ్ మరో సముద్రం. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్, థ్రాటిల్ సెన్సార్, కూలెంట్ సెన్సార్, గాలి ఉష్ణోగ్రత సెన్సార్, ఆక్సిజన్ సెన్సార్, పంపు రిలే, ఇవేవీ మీ బండిలో లేవు. విడి ఇంజిన్ అమ్మేవాళ్లు వైరింగ్‌ను కత్తితో కోసి, కనెక్టర్లు వేలాడదీసి ఇస్తారు. వాటిని ఒక్కొక్కటీ అతికి టేపు చుట్టిన బండి వర్షాకాలం దాకా బాగానే నడుస్తుంది. మొదటి వానకే అతుకుల్లో తేమ చేరి, నడిరోడ్డు మీద ఆగి, ఎండ రాగానే మళ్లీ స్టార్టయి ఏడిపిస్తుంది. నిండు కారు కొనమని నేను అంత గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే. మొత్తం వైరింగ్ డాష్‌బోర్డు నుంచి ఇంజిన్ దాకా కోత లేకుండా విప్పుకోవచ్చు. ఆ కారుకు ఇమ్మొబిలైజర్ (సొంత తాళంచెవి లేకుండా స్టార్టు కానివ్వని ఏర్పాటు) ఉంటే తాళంచెవి, దాని పెట్టె, ఈసీఎం మూడూ ఒకే జతగా రావాలి, ఏ ఒక్కటి మారినా ఇంజిన్ స్టార్టు కాదు. ఈసీఎంకు వేగం సిగ్నల్ ఎక్కడినుంచి వెళుతోందో విప్పకముందే ఆ కారులోనే గుర్తుపెట్టుకోండి. అది అందకపోతే సిగ్నల్ దగ్గర ఆగడానికి వేగం తగ్గించినప్పుడల్లా ఇంజిన్ ఆరిపోతుంది. చెక్ ఇంజిన్ దీపం, స్కానర్ పెట్టే కనెక్టర్ కూడా పనిచేసేలా కలిపించండి. అవి లేకుండా రేపు తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

నిండు కారుకు రెండో కారణం, కొనేముందు దాన్ని నడిపి చూడవచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి, మీరు వచ్చేముందే స్టార్టు చేసి ఉంచవద్దని చెప్పండి. రేడియేటర్ మూత తీసి చూడండి, లోపల నీళ్లు మాత్రమే ఉండి తుప్పు రంగులో కనబడితే ఆ అల్యూమినియం హెడ్డు ఎన్నాళ్లుగా కష్టపడుతోందో అర్థమైపోతుంది. ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటి జిగురు ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి. వేడెక్కనివ్వండి, ఫ్యాను తిరిగి ఆగేదాకా ఉండండి, తర్వాత ఏసీ వేసి మళ్లీ చూడండి. హెడ్డు ఒకసారి వేడికి వంగితే ఫేసింగ్ చేయించి, అంటే పైపైన కోసి చదును చేయించి నడపవచ్చు గానీ, ఎన్నిసార్లు కోశారో మనకు తెలియదు. విప్పాక నా పద్ధతి ఏమిటంటే, హెడ్డు మీద ఉక్కు బద్ద పెట్టి, కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో ఐమూలగా రెండు వైపులా చూస్తాను. దూరితే లేత్‌కు పంపాల్సిందే. కొన్న కారుకు సంబంధించి అమ్మకం పత్రం, ఆర్‌సీ మీ చేతికి రావాలి, దాని రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇంజిన్లు గుట్టలుగా దొరుకుతాయి. కాగితం లేని ఇంజిన్ ఎంత చవకైనా ఆర్టీఏ ముందు దానికి విలువ లేదు, దొంగ బండిదైతే మీరూ చిక్కుల్లో పడతారు.

మూడో కారణం గేర్‌బాక్సు. 1.3 వేస్తే ఎస్టీమ్ ఫ్లైవీల్, క్లచ్, గేర్‌బాక్సు అన్నీ దానివే వేయడం మేలు. జెన్ క్లచ్ 50 బీహెచ్‌పీకి తగినట్టు చేసింది. డ్రైవ్ షాఫ్టుల దగ్గర చాలామంది చిక్కుకుంటారు. షాఫ్టు లోపలి కొస గేర్‌బాక్సుకు సరిపోవాలి, బయటి కొస హబ్బుకు సరిపోవాలి, పొడవు ఈ బండి వెడల్పుకు సరిపోవాలి. రెండు బండ్ల షాఫ్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పళ్లు లెక్కపెట్టి, పొడవు కొలిచాకే నిర్ణయించండి. పొడవు చాలక జాయింటు అంచు మీద తిరిగే షాఫ్టు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఊడి వస్తుంది. పదహారు వాల్వుల 993 వేసుకుంటే ఈ తలనొప్పే ఉండదు, ఎంపీఎఫ్ఐ జెన్ నుంచి జతగా తెచ్చి బిగించడమే.

స్ట్రోకు పెరిగిందని ఇందాక చెప్పాను, అందువల్ల 1.3కి ఎత్తు సంగతి చూసుకోవాలి. 1.3 కూర్చోబెట్టాక దాని పైన ఎత్తైన చోట్లలో మెత్తటి బంకమట్టి ముద్దలు పెట్టి, బానెట్ మెల్లగా మూసి తెరవండి. ముద్ద ఎంత నలిగిందో చూస్తే మిగిలిన జాగా తెలిసిపోతుంది. ఇంజిన్ నిశ్చలంగా ఉన్నప్పటి జాగా చాలదు. గేరులో లాగినప్పుడు రబ్బరు మౌంటింగుల మీద అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది. బానెట్, రేడియేటర్ ఫ్యాను, వెనక గోడ, మూడు వైపులా అంగుళం ఖాళీ ఉండాలి. మౌంటింగుల రబ్బర్లు పాతవి వాడవద్దు. బ్యాటరీ పళ్లెం కింద, ముందు షాక్ అబ్జార్బర్ల పై గూళ్ల దగ్గర తుప్పు ఉంటే ఇప్పుడే కోయించి వెల్డింగ్ చేయించండి, ఇంజిన్ ఎక్కాక అక్కడికి చెయ్యి దూరదు.

రేడియేటర్‌కు కూడా ఇదే సూత్రం, ఇంజిన్ ఏ కారుదో రేడియేటర్, ఫ్యాను ఆ కారువే. మన మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడిన బండిని చిన్న రేడియేటర్ కాపాడలేదు. నీళ్లు కాదు, కూలెంటే పోయించండి.

ఇక బ్రేకులు. 1.3 వేస్తే బండి ఎనభైకి చేరిన చోట నూటపదికి చేరుతుంది. బ్రేకులు వేడిగా మార్చి వదిలించవలసిన శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, నూటపది దగ్గర అది ఎనభైతో పోలిస్తే దాదాపు రెండింతలు. ఎస్టీమ్ ముందు హబ్బులు, డిస్కులు, కాలిపర్లు, బూస్టర్, మాస్టర్ సిలిండర్ మీరు ఇంజిన్ కోసం కొన్న కారులోనే ఉంటాయి, కొలతలు చూసుకుని వాటినే వాడండి. పదహారు వాల్వుల 993 అయితే జెన్ బ్రేకులే చాలు, కానీ కొత్త డిస్కులు, ప్యాడ్లు, వెనక లైనర్లు, కొత్త బ్రేకు ఆయిల్ తప్పనిసరి. లోయర్ ఆర్మ్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్పించండి. జెన్ డీజిల్ స్ప్రింగులు ముందు వేయమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అవి బరువైన ప్యూజో 1527 సీసీ డీజిల్ ఇంజిన్‌ను మోయడానికి పెట్టినవి, తేలికైన అల్యూమినియం ఇంజిన్ కింద బండి ముక్కు పైకి లేచి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. టైర్లు మొదట వచ్చిన 145/70 ఆర్13 బదులు 155/65 ఆర్13 వేయవచ్చు. వెడల్పు పెరుగుతుంది, చక్రం మొత్తం ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లే తగ్గుతుంది, అందువల్ల స్పీడోమీటర్ లెక్క తప్పదు.

ఖర్చు విషయంలో నా అంచనా, ఇంజిన్‌కు ఎంత పెడతారో మిగతా పనులకు దానికి రెండింతలు పక్కన పెట్టుకోండి. ఎక్కించేముందు టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, ముందు వెనక ఆయిల్ సీళ్లు, థర్మోస్టాట్, క్లచ్ రిలీజ్ బేరింగు అన్నీ కొత్తవి వేయించండి. ఇంజిన్ నేల మీద ఉన్నప్పుడు అరగంట పని, బండిలో ఉన్నప్పుడు రోజంతా. టాపెట్లు కూడా అప్పుడే సరిచూపించండి. మొదటి స్టార్టుకు ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టించాలి. మొదటి 500 కిలోమీటర్లు మీ ఊరి చుట్టుపక్కలే తిరగండి, తర్వాత ఆయిల్, ఫిల్టరు మార్పించి, మౌంటింగు బోల్టులు, డ్రైవ్ షాఫ్టు నట్లు, పెట్రోలు గొట్టాల అతుకులు మరోసారి బిగింపు చూపించండి.

ముందుగా మీ జీ10బీ నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, ఆయిల్ పోసి కొలిచాక వచ్చిన అంకెలు రెండూ ఇక్కడ రాయండి. బ్యాటరీ పళ్లెం తీసి దాని కింది రేకు ఫోటో ఒకటి పెట్టండి. అవి చూశాక మీ ఇంజిన్‌కు రింగులు వేస్తే సరిపోతుందో, ఎంపీఎఫ్ఐ జెన్ ఒకటి వెతకాలో చెబుతాను.